జమ్మి పెట్టిన చేతులు

మధ్యాహ్నం సైరన్ మోగగానే ఆ పాప రెండు చేతులూ పైకెత్తేది.

మిల్లు గేటు పక్కన టైమాఫీసు కిటికీ వెనక కూర్చుని రోజూ చూసేవాణ్ణి. పొద్దటి షిఫ్టు దిగి తండ్రి చక్కెర గోదాములోంచి బయటికి వచ్చేవాడు. మధ్యాహ్నం షిఫ్టుకు తల్లి లోపలికి వెళ్ళాలి. కూత ఆగేలోపల పాప తల్లి చంకలోంచి తండ్రి భుజం మీదికి మారేది. తండ్రి బస్తాలు మోసేవాడు, తల్లి బస్తాల మూతులు కుట్టేది. నాలుగో ఏడు నడుస్తున్నా పాపకు మాటలు రాలేదు, కాళ్ళు నిలవలేదు. ఎప్పుడు పడితే అప్పుడు మూర్ఛ వచ్చేది. వచ్చినప్పుడు పక్కకు తిప్పి పట్టుకునే చేయి ఒకటి దగ్గర ఉండాలి. మిల్లు పనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఇరుగుపొరుగు చెడ్డవాళ్ళు కారు కాని, గాలి సోకిన పిల్ల అని ముట్టుకోవడానికి జంకేవాళ్ళు. అందుకని మొగుడూ పెళ్ళాలు చెరో షిఫ్టు అడిగి వేయించుకున్నారు. ఆ ఇల్లు నడిచేది గేటు దగ్గరి ఆ మార్పిడి మీద.

అది బోధన్ చెరకు పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు మిల్లు. బోధన్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఇప్పుడు ఆ చిన్న మిల్లు గోడలు కూడా లేవు. అరవైల చివరి సంవత్సరాల మాట ఇది.

నేను అక్కడ టైమ్ క్లర్కును. ఆ ఉద్యోగంలో చేరేనాటికి దొరలుగా మా వాళ్ళు కట్టుకున్న గడి తలుపులు నిజామాబాదులో ఒక కలప దుకాణం ముందు వానకు తడుస్తున్నాయి. బస్సులో పోతూ వాటిని గుర్తుపట్టాను, దిగలేదు. తాత నాటికి మోస్రా వైపు మాకు ఊళ్ళున్నాయి. నాన్న నాటికి కోర్టు కేసులున్నాయి. నా నాటికి తాత షేర్వానీ ఒకటి మిగిలింది. మిల్లులో ఎవరి ముందూ నేను వంగి సలాం చేయలేదు. పై అధికారి వస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి, అంతే. దాన్ని పొగరన్నారు. అననిచ్చాను.

పాప తండ్రి వాళ్ళ నాన్న మా గడిలో మేనా మోసినవాడు. అందుకని అతను నన్ను ఇంకా దొర అనే పిలిచేవాడు. తోటి హమాలీలకు అది నవ్వులాట. హాజరు బిళ్ళల కోసం కిటికీ ముందు వరసలో నిలబడి, నాకు వినపడేలాగే అనేవాళ్ళు.

“ఏందిరా, నీ దొర కిటికీల కూసొని బిళ్ళలు పంచుతుండు. నువ్వింక దొర దొర అనుకుంట తిరుగుడేంది?”

“నాకు అలవాటైంది తియ్యి. నిన్నేమన్న అనుమన్ననా?”

“మా దొర గోదాం మేస్త్రి. గాయన తిట్లు వినుడు సాలు, మళ్ళ గడీలేం అక్కర లేదు.”

నేను తల ఎత్తకుండా బిళ్ళలు ఇచ్చేవాణ్ణి. ఒక్కో మనిషికి ఒక్కో ఇత్తడి బిళ్ళ. లోపలికి పోయేటప్పుడు తీసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు ఇవ్వాలి. పాప తల్లి మాత్రం తన బిళ్ళను అందుకోగానే కొంగున ముడి వేసుకునేది. అది పర్మినెంటు బిళ్ళ. లైన్లలోని ఆడవాళ్ళలో అలాంటిది ఉన్నవాళ్ళు అరుదు. ఆమె తల్లి అదే గోదాములో కుట్టి కుట్టి వేళ్ళు వంకరపోయాక, మేనేజర్ల చుట్టూ తిరిగి, తన స్థానంలో బిడ్డను పెట్టించి పోయింది.

ఆ ఏడు పెత్తరమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, వారం ముందు ఒక నోటీసు వచ్చింది. బోర్డు మీద అతికించింది నేనే. కొత్త సీజను మొదలయ్యే రోజు నుంచి గోదాములో రెండు షిఫ్టులు ఉండవు, ఆడా మగా అందరికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే షిఫ్టు అని అందులో ఉంది. చక్కెర లారీలు పగలు ఒక్కసారే వచ్చి పడుతున్నాయని కారణం చూపారు. అందులో అబద్ధం లేదు. లారీలు నిజంగానే అలా వచ్చేవి.

కాని యజమాని తనకు తోచినట్టు షిఫ్టు మార్చేస్తే చట్టం ఒప్పదు. ముందు నోటీసు పెట్టాలి, మూడు వారాలు ఆగాలి. ఆ లోపల పనివాళ్ళు కలిసి ఒప్పుకోమని రాసి, నకలు నిజామాబాదులో లేబర్ అధికారికి పంపితే, ఆయన రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడించాలి. ఆ మాటలు నడిచినన్నాళ్ళూ పాత షిఫ్టే నడవాలి. టైమాఫీసులో కూర్చున్నవాడికి ఇవి తెలియక తప్పదు. అయితే టైమాఫీసులో కూర్చున్నవాడు గోదాము మనిషి కాదు. ఆ కాగితం మీద నా సంతకం చెల్లదు.

ఆమె మధ్యాహ్నం బిళ్ళ కోసం వచ్చి కిటికీ దగ్గర ఆగింది.

“దొరా, గా కాయితంల ఏమున్నది? అందరు నిలవడి సూస్తున్రు, ఒక్కలు సెప్తలేరు.”

చెప్పాను. బిళ్ళ అందుకున్న చేయి కిటికీ మీదే ఉండిపోయింది.

“ఇద్దరికి ఒక్కటే డూటీ అయితె నా బిడ్డ?”

“మిల్లుల పిల్లల గది ఉన్నది గద.”

“గండ్ల సున్నం బస్తాలున్నయి దొరా. బస్తాలను సూసుకోను ఒక మనిషి గూడ ఉన్నడు. పిల్లలకే లేడు.” బిళ్ళను కొంగున ముడి వేసుకుంది. “గిది మా అవ్వది. గిది ఇడిసిపెట్టి నేను ఇంట్ల కూసోను.”

మర్నాడు గేటు బయట చాయ్ బండి దగ్గర ఆ మాటే మళ్ళీ నడిచింది. ఇద్దరిలో ఒకరు పని మానుకోక తప్పదని ఎవరో అన్నారు. అయితే ఆయన్నే మానుకోమనండి అని ఆమె అంది. మనుషులు పగలబడి నవ్వారు.

“మొగోడు పిల్లనెత్తుకొని లైన్ల కూసుంటే, నువ్వు సంచులు కుట్టి సాదుతవా?”

“ఏం, సాదొద్దా? రోజు పగటీలి సంది ఎత్తుకుంటనే ఉన్నడు గద.”

అందరూ అతని వైపు చూశారు. అతను చాయ్ గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “డూటీ దిగి ఎత్తుకునుడు వేరే. డూటీ లేకుంట ఎత్తుకునుడు వేరే.”

ఆ మాటను నేను తప్పు పట్టలేదు. మగవాడికి తన పని పోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

అప్పుడు మిగిలింది ఒక్కటే దారి. కాగితం నేను రాశాను. దరఖాస్తు అని రాయలేదు. ‘ఈ మార్పుకు మేము ఒప్పుకోవడం లేదు’ అన్నది మొదటి వాక్యం. ‘దయచేసి’ అన్న మాట ఎక్కడా పెట్టలేదు. గోదాములో రెండు షిఫ్టులు మొదటి నుంచి ఉన్నాయని, వాటిని నమ్ముకుని కుటుంబాలు ఏర్పాటు చేసుకున్నాయని, పిల్లల గది పిల్లలకు పనికిరావడం లేదని రాసి, కింద సంతకాలకూ వేలిముద్రలకూ చోటు వదిలాను. అప్పట్లో యూనియన్ మిల్లు లోపలి వాళ్ళది. గోదాము వాళ్ళను తమవాళ్ళుగా చూసేది కాదు. కాబట్టి చేతులు గోదాములోంచే రావాలి.

కాగితం పట్టుకుని గోదాము వసారాలోకి వెళ్ళాను. అందరూ విన్నారు. బాగుందన్నారు. ఒక పెద్ద హమాలీ గొంతు సవరించుకున్నాడు.

“పెత్తరలల్ల ఎవలన్న పని షురూ చేస్తరా దొరా? పెద్దలకు బియ్యమిచ్చే దినాలు. అమాస ఎల్లనీ.”

“ఇది పెండ్లి గాదు, కొట్లాట. కొట్లాటకు ముహూర్తమేంది?”

నవ్వారు, కాని వేలు పెట్టలేదు. అమావాస్య నాడే బతుకమ్మ మొదలు. ఆడవాళ్ళు తంగేడు పువ్వు కోసం చేల గట్ల వెంట పడ్డారు. గోదాము సగం ఖాళీ. బతుకమ్మ ఆడే చేతులతో కొట్లాట కాగితం ముట్టుకోమంటారా అని వాళ్ళు నన్నే అడిగారు. చివరికి దసరా మర్నాడు అందరూ కలిసి వేలు పెట్టాలని మాట అయింది. లెక్క చూసుకున్నాను. అప్పటికీ గడువు కొంచెం మిగిలే ఉంటుంది.

ముందే సంతకం పెట్టింది ఒక్కడే. బస్తాలు తూచే కాంటా మనిషి. మెథడిస్టు క్రైస్తవుడు, మిషను బడిలో చదువుకున్నవాడు.

“నాకు పెత్తరలు లేవు, బతుకమ్మ లేదు. ఇటియ్యుండి సారు” అని గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు.

“నీకేమైంది అన్న? నీ పిల్లలు పెద్దగైండ్రు, బడికి పోతున్రు” అన్నారు మిగతావాళ్ళు.

“గందుకే. నాకు ఆగమయ్యేది లేదు, భయం లేదు. ఆగమయ్యేటోళ్ళకే పండుగలడ్డమొస్తున్నయి.”

ఖాళీ కాగితం మీద ఆ ఒక్క పేరు దసరా దాకా ఒంటరిగా ఉంది.

దసరా నాడు జమ్మి ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకోవడం తెలంగాణలో అందరూ చేసేదే. మా వైపు ఊళ్ళలో దానికి ఇంకో కట్టు ఉండేది. జమ్మి పెట్టిన మనిషి మీద దీపావళి దాకా తగవు ఎత్తకూడదు. అంతకుముందు ఎంత పగ ఉన్నా ఆ ఆకు దగ్గర ఆగిపోవాలి. మా తాత ఆ కట్టును బాగా ఎరిగినవాడు. దసరా సాయంత్రం గడి ముందు ఊరు ఊరంతా వరస కట్టేది. తాతతో భూమి తగవు ఉన్న రైతు ఎవడో దివాణం వాళ్ళు ముందే చెప్పేవాళ్ళు. తాత అతన్ని పేరు పెట్టి పిలిచి, అందరికన్నా ముందు అతని ఆకు తీసుకునేవాడు. వెన్ను వంచకుండా నిలబడి, కుడి చేయి నడుము ఎత్తున చాచేవాడు. ఇచ్చేవాడే వంగాలి. దీపావళి నాటికి ఆ పొలంలో కోత అయిపోయేది. తర్వాత తగవు పెట్టుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. చిన్నప్పుడు నేను ఆయన పక్కనే నిలబడి చూసేవాణ్ణి. ఊరు మమ్మల్ని ఎంత ప్రేమిస్తోందో అనుకునేవాణ్ణి.

ఆ దసరాకు గోదాములో కాంటా కడిగి, దబ్బనాలూ కొక్కేలూ వరసగా పెట్టి, పసుపు కుంకుమలు పెట్టారు. నేను తాత షేర్వానీ వేసుకుని వెళ్ళాను. మేనేజరు కాన్పూరు వైపు మనిషి, ఆ ఏడే వచ్చాడు. భార్యతో వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. మేస్త్రి ఒక గోనెసంచి విప్పాడు. దాని నిండా జమ్మి.

అది చూడగానే ఏం జరగబోతోందో నాకు అర్థమైంది. జనం అప్పటికే వరస కట్టారు. ఒక్కొక్కరే ఆకు పెట్టి, కాళ్ళు మొక్కి, పక్కకు జరుగుతున్నారు. మేనేజరు నవ్వుతూ అందుకుని భార్య పట్టుకున్న పళ్ళెంలో వేస్తున్నాడు. ఒకరిద్దరిని భుజం తట్టాడు. పాప తండ్రి పెట్టాడు. వెనకే తల్లి. ఆమె తన ఆకు పెట్టి, చంకలోని పాప పిడికిలి విప్పి, ఒక రెమ్మ ఇచ్చి, ఆ చేతిని మేనేజరు చేతి దాకా తీసుకుపోయింది. ఆయన పాప బుగ్గ పుణికాడు.

నేను గోదాము తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పండుగనాడు జమ్మి పెట్టే చేతిని పట్టి ఆపిన మనిషి మా వైపు పుట్టలేదు. కాంటా మనిషి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“అయిపోయిందా సారు?” అన్నాడు.

“రేపు సూద్దాం” అన్నాను.

మర్నాడు వసారాలో కాగితం పరిచాను. సిరా దిండు పక్కన పెట్టాను. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి పాప తండ్రే నోరు విప్పాడు.

“నిన్న జమ్మి వెట్టినం గద దొరా.”

“అయితే?”

“అయితే ఏందంటరేంది? మీరే గట్లంటె ఎట్ల? మీ గడిల జమ్మి వెట్టినంక మా బాపు ఎన్నడన్న నోరు తెరిచిండా?”

“ఈ మేనేజరుకు ఆ కట్టు తెల్వది” అన్నాను.

“ఆయనకు తెల్వకుంటె ఆయె. మనకు తెల్వదా? వెట్టిన చెయ్యి మనది.”

పెద్ద హమాలీ తల ఊపాడు. “దీపావళి ఎల్లనీ దొరా. తెల్లారే అందరం పెడ్తం. ఒక్కలు తప్పరు.”

“దీపావళికి గడువు ఉండది.”

“ఉండకపోతదా? గంత పెద్ద సర్కారు, నాలుగు దినాలు ఆగదా?”

“ఇగ నేనొక్కన్నే దుష్మన్ ని అన్నట్టు” అన్నాడు కాంటా మనిషి. కొందరు నవ్వారు.

అప్పుడు ఆమె ముందుకు వచ్చింది. ఎవరినీ చూడలేదు. బొటనవేలు సిరా దిండు మీద అద్దింది. ఆ వేలు కాగితం మీదికి వచ్చేలోగా భర్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

“నీ బిడ్డతోని వెట్టిచ్చినవ్ గదనే ఆకు. గిప్పుడు నువ్వు మాట తప్పితె గది ఎవల మీద వడ్తది?”

ఆమె కాగితం వంక చూసింది. మూలన గోనెసంచి మీద పడుకున్న పాప వంక చూసింది. వేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క పేరుతోనే కాంటా మనిషి కాగితాన్ని మేనేజరుకు ఇచ్చి వచ్చాడు. గడువు ముగిసే రోజున నేనే మేనేజరు గదికి వెళ్ళాను. కూర్చోమన్నాడు, కూర్చున్నాను. మా మాటలు ఉర్దూలో నడిచాయి. గోదాములో ఒక జంటకు మాత్రం పాత రెండు షిఫ్టులు ఉంచాలని, వాళ్ళ పాప పరిస్థితి ఇదని చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

“ఒకరికి ఉంచితే అందరికీ ఉంచాలి. ఎవరికైనా ఇబ్బంది ఉంటే రాసి ఇవ్వవలసింది. ఆ కాంటా అతని కాగితం ఒక్కటే వచ్చింది. అతన్ని పిలిచి అడిగాను, నీకేం ఇబ్బంది అని. నాకేమీ లేదన్నాడు.” నవ్వాడు. “మిగతావాళ్ళు సంతోషంగానే ఉన్నారు. పండుగనాడు చూశారుగా. అవునూ, ఆ ఆకు ఏమిటి? సంచెడు ఇచ్చారు. మా ఆవిడ మర్నాడు ఊడ్పించి మేకలకు వేయించింది.”

“దాన్ని బంగారం అంటారు” అన్నాను.

“మంచి ఆచారం” అన్నాడు.

లేచి వచ్చేశాను. ఇంకా చెప్పవచ్చునని తర్వాత కాంటా మనిషి అన్నాడు. చెప్పవచ్చు. కాని వాళ్ళు నిలబెట్టుకున్నది ఏమిటో, దాన్ని మేకలకు వేసినవాడికి విప్పి చూపించి, బదులుగా ఏదో ఇమ్మని అడగడం నా వల్ల కాలేదు.

దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకే గానుగ మొదలైంది, కొత్త షిఫ్టూ మొదలైంది. మొదటి రోజుల్లో ఆమె పాపను వెంట తెచ్చి, గోదాములో వెనక మూల ఖాళీ సంచుల మీద పడుకోబెట్టి కుట్టుకునేది. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒక పగలు పాపకు మూర్ఛ వచ్చి కాంటా పళ్ళెం దగ్గరికి దొర్లింది. పైన బస్తా ఉంది. కాంటా మనిషి కాలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ మర్నాటి నుంచి పిల్లల్ని లోపలికి తేవద్దన్నారు. అందులోనూ అన్యాయం ఏమీ కనపడదు.

తర్వాత ఒక రోజు ఆమె మానేది, ఒక రోజు అతను. ఆ గైర్హాజరులు రాసేది నేనే. పద్ధతి ప్రకారం ఇద్దరికీ హెచ్చరికలు వెళ్ళాయి.

అప్పుడు నిజామాబాదు వెళ్ళాం. మొగుడూ పెళ్ళాలూ పాపా, కాంటా మనిషీ, నేనూ. బస్సు కలప దుకాణం ముందు నుంచే పోయింది. తలుపులు అక్కడ లేవు. ఎవరో కొనుక్కుపోయారు.

లేబర్ ఆఫీసులో అధికారి మాకు కుర్చీలు వేయించాడు. అందరికీ వేయించాడు, హమాలీకి కూడా. నేను అంతా చెప్పాను. ఆయన కాగితాలు తిరగేసి తల పట్టుకున్నాడు.

“నోటీసు సక్రమంగానే పెట్టారు. మూడు వారాలు ఆగారు. ఆ లోపల మీరు వచ్చి ఉంటే నేను మిల్లువాళ్ళను పిలిచి, ఈ మార్పును ఆపి ఉండేవాణ్ణి. ఇప్పుడు అమలైపోయింది. ఇకనుంచి ఇదే ఉన్న పద్ధతి. మార్చమని అడిగేవాళ్ళు మీరు అవుతారు. అది ఏళ్ళు పడుతుంది, అందరూ కలిసి రావాలి.” ఆమె వంక చూశాడు. “గడువులో ఎందుకు రాలేదమ్మా?”

ఆమె నేల చూసింది. జవాబు భర్త చెప్పాడు.

“జమ్మి వెట్టినం సార్.”

అధికారి కలం కింద పెట్టాడు. అప్పటిదాకా పుస్తకాల తెలుగు మాట్లాడిన మనిషి గొంతు మారింది.

“మాది ఏర్గట్ల దిక్కు” అన్నాడు. “మా తాన గూడ గంతే.”

మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయనకు తెలుసు. విడమరిచి చెప్పనక్కర లేదు. పాప తండ్రి చేతులు జోడించాడు. ఆమె మొదటిసారి తల ఎత్తింది.

“కని నేను గది రాయలేను గద అన్నా” అన్నాడు అధికారి. “ఈ ఫారంల ఏ కాలమ్‌ల రాయాలె?”

చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాం. తిరుగు బస్సులో పాప కిటికీ ఊచ పట్టుకుని దారంతా బయటికి చూసింది. తెలియనివాడి ముందు ఓడిపోతే తెలియదులే అనుకోవచ్చు. అన్నీ తెలిసినవాడి ముందు కూర్చుని చాయ్ తాగి రావడం వేరు.

ఆ వారంలోనే ఆమె వచ్చింది. పొద్దున బిళ్ళ తీసుకుని లోపలికి పోయినది షిఫ్టు మధ్యలోనే బయటికి వచ్చింది, కిటికీ ముందు వరస లేదు. కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

“మీ చేతికే ఇస్తున్న దొరా. మేస్త్రి చేతికి ఇయ్య.”

నేను లేచి నిలబడ్డాను. మేనేజరుకు లేచేవాణ్ణి, ఆమెకూ లేచాను. అంతకన్నా చేయగలిగింది లేదు. బిళ్ళ వెచ్చగా ఉంది. దాన్ని దాని మేకుకు తగిలించాను. సీజను సగం కాకముందే అది ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఆమె తల్లి వంకరపోయిన వేళ్ళు నాకు తెలుసు. ఆ కొత్త మనిషికి బిళ్ళ ఇచ్చిన ప్రతి పొద్దూ అవే గుర్తొచ్చేవి.

గోదాముకు మధ్యాహ్నం షిఫ్టు లేకపోయినా, మిల్లు లోపలి వాళ్ళ కోసం ఆ వేళకు సైరన్ మోగుతూనే ఉంది. ఒక సాయంత్రం బిళ్ళ ఇచ్చి పోతూ అతను కిటికీ దగ్గర ఆగాడు.

“బిడ్డ ఎట్లున్నది?” అని అడిగాను.

“ఉన్నది దొరా. పగటీలి భోంగ కొడ్తె రెండు చేతులు లేపుతదట. అవ్వ సంకలనే ఉంటది, అయినా లేపుతదట. ఎవలో వచ్చి తీసుకుంటరని.”

“మరి వాళ్ళ అవ్వ?”

“దించి, మళ్ళ ఎత్తుకుంటదట.”

మళ్ళీ దసరా వచ్చింది. మధ్యాహ్నం పూట అతను నేను అద్దెకున్న రెండు గదుల ఇంటికి వచ్చాడు. తలకు కొత్త రుమాలు, చేతిలో జమ్మి రెమ్మ. నేను షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ గడప దాకా వచ్చాను.

“బంగారం దొరా” అన్నాడు.

“ఈపాలి మిల్లుల ఎవలకు పెట్టకుండ్రి” అన్నాను. “పదిహేను దినాల కిందట నేను బోర్డు మీద అతికిచ్చిన కాయితం ఏందో ఎరికేనా? ఐతారం నాడు గూడ గోదాం తెరుస్తరట. అందరికి సెప్పిన గద, జమ్మి కన్న ముందే ఏలు పెట్టుండ్రని.”

“సెప్పిండ్రు దొరా. పెత్తరలాయె, బతుకమ్మలాయె.” చేతిలోని రెమ్మను చూసుకున్నాడు. “పొద్దుగాలనే వెట్టి వచ్చినం. మేనేజర్ సాబు ఈపాలి ఒక్కొక్కలను పేరు వెట్టి పిలిచిండు. నన్ను అందరికన్న ముందుగాల పిలిచిండు. అలాయ్ బలాయ్ గూడ ఇచ్చిండు. నేర్సుకున్నడు దొరా.”

అతని మొహంలో సంతోషం ఉంది. నిజమైన సంతోషం. ఏడాదిలో ఆ మొహం మీద అలాంటిది నేను చూడలేదు.

ఎవరు నేర్పారో ఆయనకు. మేస్త్రి కావచ్చు. లేక ఏమీ తెలియకుండా, మంచి ఆచారమని మాత్రమే చేశాడేమో. నాకు ఇప్పటికీ తెలియదు.

అతను రెమ్మ పట్టుకుని గడప కింద నిలబడే ఉన్నాడు. చేయి చాచాను. నడుము ఎత్తున, వెన్ను వంచకుండా. నాకు ఇంకో విధంగా చాచడం ఎవరూ నేర్పలేదు. అతను వంగి, ఆకు నా అరచేతిలో పెట్టాడు.